చక్రాల కుర్చీ ఇప్పుడే పంపకు

పద్మారావు నగర్,
సికింద్రాబాద్.

నేస్తమా,

నువ్వు పంపిన బ్యాటరీ చక్రాల కుర్చీ ఫోటోలు అందాయి. మీ అమ్మకు, అదే మా పిన్నికి, కూడా చూపించాను. "ఎంత పోసి కొంటోందో, వద్దని చెప్పవే" అంది గానీ, కూతురు ఇంతగా ఆలోచిస్తోందన్న సంతోషం ముఖంలో దాగలేదు. ఫోన్లో మాట్లాడదామంటే నువ్వు ఆఫీసుకు బయల్దేరే హడావుడిలో ఉంటావు, నేను చెప్పాలనుకున్నది సగంలో ఆగిపోతుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఆ కుర్చీ ఇప్పుడే ఆర్డరు పెట్టకు. ముందు చేయాల్సినవి వేరే ఉన్నాయి. వాటికి డబ్బు కంటే కొలతలు ఎక్కువ కావాలి.

మీ ఇంటి సంగతే తీసుకో. నువ్వు పుట్టి పెరిగిన ఇల్లు, కళ్లు మూసుకుని తిరగగలవు. కానీ పిన్నిలా పక్షవాతంతో ఎడమ కాలూ చెయ్యీ పట్టు తప్పిన మనిషిగా ఆ ఇంట్లో నువ్వెప్పుడూ నడవలేదు. మొన్న నేనూ మా ఆయనా టేపు పట్టుకుని ఇల్లంతా కొలిచాం. గుమ్మం ముందు మూడు మెట్లు, కలిపి 18 అంగుళాలు. చక్రాల కుర్చీ ఎక్కాలంటే ఒక అంగుళం ఎత్తుకు కనీసం 12 అంగుళాల పొడవున వాలు కట్టాలి. అంటే 18 అడుగులు. గేటు నుంచి గుమ్మం దాకా మీకున్న జాగా అందులో సగం కూడా లేదు. తక్కువ పొడవులో నిటారుగా కడితే కుర్చీని తోసేవాళ్లకూ ప్రమాదమే, కూర్చున్నవాళ్లకూ ప్రమాదమే. ఇక బాత్రూం తలుపు. రెండున్నర అడుగులనుకుంటాం గానీ చౌకట్టూ తలుపు మందమూ పోను మిగిలేది 25 అంగుళాలు. పెద్దవాళ్లు కూర్చునే మామూలు చక్రాల కుర్చీయే చక్రాలతో కలిపి 25 నుంచి 27 అంగుళాల వెడల్పు ఉంటుంది. హాలుకో గడప, వంటింటికో గడప, బాత్రూంలోకి దిగడానికి మళ్లీ ఒక మెట్టు. నీ కుర్చీ దిగితే హాల్లోనే ఉండిపోతుంది. బ్యాటరీతో కలిపి బరువెక్కువ కాబట్టి ఎత్తి దాటించడం మా వల్ల కాదు. ఏ బోర్డో కాలిపోతే విడిభాగం నువ్వున్న చోటు నుంచే రావాలి.

ఇవన్నీ ఒక ఎత్తు. పిన్ని నడవగలదన్నది ఇంకో ఎత్తు. నెమ్మదిగా, పట్టుకుని, ఆగి ఆగి నడుస్తుంది, కానీ నడుస్తుంది. పక్షవాతం తర్వాత తిరిగి తెచ్చుకున్న ఆ నడక రోజూ వాడితేనే నిలుస్తుంది. మీట నొక్కితే కదిలే కుర్చీలో పొద్దస్తమానం కూర్చోబెడితే ఉన్న బలమూ పోతుంది. బయటికి ఆసుపత్రికో పెళ్లికో వెళ్లడానికి మడిచి కారులో పెట్టుకునే తేలికపాటి తోపుడు కుర్చీ ఒకటి చాలు. అది ఇక్కడే దొరుకుతుంది, పాడైతే ఇక్కడే బాగవుతుంది.

సరే, ఏం కావాలో పిన్నినే అడిగాను. ఈ ప్రశ్న ఆమెను ఎవరూ అడిగినట్టు లేదు. డాక్టర్లు ఏం చేయలేకపోతున్నావని అడుగుతారు, మనం ఏం కొనిపెట్టాలని ఆలోచిస్తాం. ఆమె కాసేపు ఆలోచించి మూడు మాటలు చెప్పింది. బాత్రూంకి ఎవరి సాయమూ లేకుండా వెళ్లిరావాలి. పొద్దున కాఫీ తనే కలుపుకోవాలి. కూరగాయల బండి వచ్చినప్పుడు గేటు దాకా వెళ్లి బేరమాడాలి. బోనాల రోజుల్లో ఘటం ఎదురొస్తే గేటు దగ్గర నిలబడి చూడాలని కూడా అంది గానీ, అది మూడోదాంట్లోకే వస్తుంది. ఈ మూడూ దృష్టిలో పెట్టుకునే పని మొదలుపెట్టాం.

మొదట చేతికర్ర. పిన్ని వాడుతున్నది బాబాయిగారిది. ఆయన పొడవు మనిషి కదా, ఆ కర్ర పట్టుకుంటే ఈమె భుజం చెవిదాకా లేచేది. పైగా బలం లేని ఎడమవైపే పట్టుకునేది, అటే ఆసరా కావాలనుకుని. చాలామంది అలాగే అనుకుంటారు. గాంధీ ఆసుపత్రి మనకు కూతవేటు దూరమే కదా, అక్కడి ఫిజియోథెరపీ విభాగానికి తీసుకెళ్లాను. కర్ర బలమున్న చేతిలో ఉండాలి, బలహీనమైన కాలు ముందుకు పడేటప్పుడు దాంతోపాటే కదలాలి అని నేర్పారు. చెప్పులేసుకుని చేతులు వదులుగా వేలాడేసి నిలబడితే మణికట్టు మడత ఎక్కడుంటుందో కర్ర పిడి అక్కడికి రావాలి. పట్టుకున్నప్పుడు మోచెయ్యి కాస్త వంగాలి. ఎత్తు మార్చుకునే అల్యూమినియం కర్ర, అడుగున నాలుగు కాళ్లున్నది, కొన్నాం. నేలమీద దానంతటది నిలబడుతుంది, పడిపోయిన కర్ర కోసం వంగే పని తప్పింది. కర్ర కాళ్లకుండే రబ్బరు బుష్‌లు మాత్రం అరిగిపోతుంటాయి. వాటిని నెలకోసారి తిప్పి చూడాలి. గీతలు పోయి నున్నగా అయిన బుష్ తడి గ్రానైట్ మీద జారుతుంది, అలాంటి కర్రను నమ్ముకుని బరువు మోపడం ఉత్త చేతులతో నడవడం కంటే ప్రమాదం. కొత్త బుష్ ఖరీదు పదుల రూపాయల్లోనే. ఇక గడపలు తీయించడానికి పిన్ని ఒప్పుకోదనుకున్నాను. వీధి గుమ్మం గడప ముట్టుకోవద్దంది, పసుపు రాసే గడప. మిగతా రెండూ తీయించి నేల సమం చేయమంది. వీధి గడపకు అటూ ఇటూ చెక్కతో చిన్న వాలు పెట్టించాం.

బాత్రూం గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే పెద్దవాళ్లు తరచూ పడే చోట్లలో అదొకటి. పడితే తుంటి విరగొచ్చు, తుంటి విరిగితే మంచమే గతి అయిపోయేవాళ్లు మన వీధిలోనే ఎంతమంది. రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో స్టీలు కమ్మీలు తెచ్చాం. నువ్వు పంపుతానన్న, గోడకు గాలిపట్టుతో అంటుకునే రకం వద్దు. టైలు మీద ఇవాళ పట్టుకుంటుంది, రేపు బరువు పడినప్పుడు ఊడుతుంది. బోల్టు టైలును దాటి లోపలి ఇటుకలోకి దిగాలి. మేస్త్రీ తట్టి చూసి, ఒకచోట టైలు వెనక డొల్లగా ఉందని అక్కడ బిగించనన్నాడు, మంచి పనిమంతుడు. కమ్మీ ఏ ఎత్తున ఉండాలన్నది పుస్తకంలో చూసి పెట్టలేదు. పిన్నిని కమోడ్ మీద కూర్చోబెట్టి, లేవమని, లేచేటప్పుడు ఆమె చెయ్యి దేనికోసం వెతుకుతోందో అక్కడ పెన్సిల్‌తో గీత గీశాం. బలమున్న కుడివైపు ఒకటి, స్నానం చేసే చోట ఒకటి. కమోడ్ సీటు తక్కువ ఎత్తులో ఉంది, దాని మీద బిగించే ఎత్తు సీటు కొన్నాం. మోకాళ్లు తుంటికంటే కిందుంటే లేవడం తేలిక. స్నానానికి రబ్బరు కాళ్ల స్టూలు, చేత్తో పట్టుకునే షవరు. బకెట్లోకి వంగి చెంబుతో ముంచుకోవడం ఒంటిచేత్తో అయ్యే పని కాదు. లోపలికి తెరుచుకునే తలుపును బయటికి తెరుచుకునేలా మార్పించాం. లోపల పడిపోతే మనిషి తలుపుకు అడ్డంగా ఉంటుంది, మనం తోయలేం. గడియ కూడా బయటినుంచి తీసేదే. ఇక చివర్న ఒక వైర్‌లెస్ కాలింగ్ బెల్. మీట బాత్రూంలో నేలకు దగ్గరగా పెట్టాం, పడిపోయినా చెయ్యి అందాలి కదా. గంట మా ఇంట్లో మోగుతుంది. ఇంత చేస్తే అయిన ఖర్చు నీ కుర్చీ రవాణా ఖర్చుకు కూడా సరిపోదేమో.

కాఫీ దగ్గర ఇబ్బందే వేరు. నాలుగు కాళ్ల వాకర్ ఇద్దామన్నారు కొందరు. వాకర్ పట్టుకుంటే రెండు చేతులూ దానికే అంకితం, గ్లాసు ఎలా మోస్తారు? అసలు పిన్ని ఎడమ చెయ్యి వాకర్‌ను ఎత్తనే లేదు. అందుకని వంటింటి గట్టు దగ్గర వీపుకు ఆనుకునే ఎత్తు కుర్చీ ఒకటి వేశాం. ఫిల్టరూ పంచదార డబ్బా చెయ్యి అందేంత దూరంలోకి తెచ్చాం. గిన్నె కదలకుండా కింద రబ్బరు పట్టా పరిచాం. కాఫీ అక్కడే కలుపుకుని అక్కడే తాగుతుంది. హాల్లోకి మోసుకెళ్లాలన్న పట్టుదల మనదే, ఆమెది కాదు.

ఇప్పుడు చెవి. నువ్వు ఫోన్ చేసినప్పుడు పిన్ని "ఆ, ఆ, బాగున్నా" అని పెట్టేస్తుందని బాధపడతావు కదా. ఆమెకు నీ మాట సగమే అందుతోంది. ఇదివరకు ఒక దుకాణంలో పరీక్ష లేకుండా అంటగట్టిన చెవి మిషన్ సొరుగులోనే ఉంది. అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచేది, ప్రెషర్ కుక్కర్ కూతకు ఉలిక్కిపడి తీసి పారేసింది. అప్పటినుంచి మిషన్ అంటేనే విసుగు. ఈసారి బోయినపల్లి మనోవికాస్ నగర్‌కు తీసుకెళ్లాం. 1984లో ఏర్పడిన మేధోపరమైన వైకల్యం ఉన్నవారి జాతీయ సంస్థ అక్కడే కదా ఉంది. ఆ ఆవరణలోనే ఆలీ యావర్ జంగ్ పేరిట ఉన్న వాక్కు, వినికిడి జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. సంస్థ ప్రధాన కేంద్రం ముంబైలో, పేరు మాత్రం మన హైదరాబాదులో పుట్టి ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన ఆయనది. ముందు చెవిలో గులిమి చూశారు. తర్వాత చప్పుడు చొరని గదిలో కూర్చోబెట్టి ఒక్కో స్థాయి శబ్దం ఒక్కో చెవిలో వినిపించి పటం గీశారు. ఏ శబ్దాలు తగ్గాయో వాటినే పెంచేలా మిషన్‌ను సరిచేస్తారు. మొదట్లో నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఎదురుగా కూర్చుని మాట్లాడే ఒక్క మనిషితో, గంటసేపు చాలన్నారు. మెదడు కొత్త వినికిడికి అలవాటు పడటానికి వారాలు పడుతుంది. ఇది తెలియకే చాలామంది మొదటి రెండు రోజుల్లోనే తీసేస్తారు.

ఈ వానల్లో చెవి మిషన్‌కు తేమ పెద్ద శత్రువు. రాత్రిపూట బ్యాటరీ తీసి, తేమ పీల్చే గింజలున్న డబ్బాలో ఉంచాలి. తలకు నూనె రాసుకునేటప్పుడు తీసేయాలి. దాని బిళ్ల బ్యాటరీకి అంటించిన చిన్న కాగితం తీయగానే గాలి తగిలి పనిచేయడం మొదలవుతుంది, వాడినా వాడకపోయినా అయిపోతుంది. అందుకని ముందుగా పీకి ఉంచకూడదు. నువ్వు వీడియో కాల్‌లో ముఖం బాగా కనిపించేలా వెలుతురు చూసుకుని, నిదానంగా మాట్లాడు. అరవొద్దు. అరిస్తే మాట స్పష్టం కాదు, వినేవాళ్లకు కోపంలా తోస్తుంది. మతిమరుపు జబ్బుకు దారితీసే, అరికట్టే వీలున్న కారణాలంటూ లాన్సెట్ కమిషన్ 2024లో లెక్కించిన 14లో వినికిడి లోపం ఒకటి. వైద్యం చేయించని చూపు లోపాన్నీ ఆ ఏడాదే చేర్చారు. పిన్ని మాటలు తప్పించుకుంటోందంటే మతి పోతోందని మనం కంగారుపడ్డాం గుర్తుందా, ముందు చెవి చూపించాల్సింది అందుకే. కళ్లకు ఎల్వీ ప్రసాద్‌లో చూపిస్తాను. శస్త్రచికిత్సతో మెరుగవని చూపుకు భూతద్దాలూ దీపాలూ అమర్చి నేర్పే విభాగం అక్కడ ఉంది.

పిన్నికి పింఛనుంది, నువ్వున్నావు, నేనున్నాను. లేనివాళ్ల సంగతి చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. మా ఇంట్లో పనిచేసే ఆమె అత్తగారు చిలకలగూడ బస్తీలో ఉంటారు. మోకాళ్లు పూర్తిగా అరిగిపోయాయి. ఒక శిబిరంలో వాకర్ ఉచితంగా ఇచ్చారు. చూద్దామని వెళ్తే బీరువా వెనక మడిచి ఉంది. ఇంటి గుమ్మం నుంచి సందులోకి మోకాలెత్తు దిగుడు. సందు ఏటవాలుగా నాపరాళ్లతో ఉంది. వాకర్ నాలుగు కాళ్లూ సమంగా ఆనే చోటు ఆ ఇంటి చుట్టుపక్కల లేదు. ఆమెకు ఇచ్చిన వస్తువులో తప్పేమీ లేదు, మంచి వస్తువే. ఆమె ఏ ఇంట్లో ఉంటుందో ఎవరూ చూడలేదు, అంతే. పక్కనున్న వెల్డింగు కుర్రాడితో గుమ్మం పక్కన గోడకు ఇనుప పైపు పట్టు పెట్టించి, దిగుడుకు మధ్యలో ఒక దిమ్మె కట్టించాం. ఇప్పుడు కర్రతో మరుగుదొడ్డి దాకా తనే వెళ్లొస్తోంది.

పథకాలు లేవని కాదు. 60 ఏళ్లు దాటిన పేదవారికి కర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు, చెవి మిషన్లు, కళ్లజోళ్లు, పళ్లసెట్లు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. తర్వాత నెలకు 15,000 రూపాయల లోపు ఆదాయమున్నవారికీ వర్తింపజేశారు. కమోడ్ ఉన్న కుర్చీలు, మోకాలి పట్టీలు, నడుం బెల్టులు కూడా చేర్చారు. వస్తువులు తయారుచేసి ఇచ్చేది కాన్పూరులో 1972లో పెట్టిన ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో. వయసుతో సంబంధం లేకుండా 40 శాతం వైకల్య ధ్రువపత్రం ఉన్నవారికి 1981 నుంచీ వేరే కేంద్ర పథకం నడుస్తోంది. మలక్‌పేటలో రాష్ట్ర వికలాంగుల సహకార సంస్థ ఉంది. వృద్ధాప్యం వల్ల వచ్చింది కదా, మనది వైకల్యం కిందికి రాదులే అని వైకల్యాన్ని నిర్ధారించే సదరం క్యాంపుకు వెళ్లని ముసలివాళ్లు ఎంతోమంది. పక్షవాతం వచ్చినవాళ్లు, వినికిడి పూర్తిగా పోయినవాళ్లు తప్పక పరీక్షకు వెళ్లాలి. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 2023లో 4,016 రూపాయలకు పెరిగింది, అప్పటి వృద్ధాప్య పింఛనుకు అది దాదాపు రెట్టింపు. దారి తెలియనివాళ్లు 14567కు ఫోన్ చేయొచ్చు. దేశమంతా పనిచేస్తున్న ఆ పెద్దల హెల్ప్‌లైనుకు బీజం పడింది కూడా హైదరాబాదులోనే, టాటా ట్రస్టులూ విజయవాహిని ఫౌండేషనూ కలిసి చేసిన పనితో.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2022లో కలిసి వెలువరించిన నివేదిక ప్రకారం ఇలాంటి వస్తువు ఏదో ఒకటి అవసరమైనవారు ప్రపంచంలో 250 కోట్ల మంది. వారిలో దాదాపు 100 కోట్ల మందికి అవి అందడం లేదు. 2050 నాటికి అవసరమైనవారు 350 కోట్లు అవుతారట. మనం ఎక్కువ కాలం బతుకుతున్నాం కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు. కానీ అందినవాళ్లలో ఎంతమంది వాడుతున్నారన్నది నన్ను ఎక్కువ తొలుస్తోంది. మన కాలనీలో ఏ సజ్జ మీద చూసినా మడిచిపెట్టిన వాకరో కమోడ్ కుర్చీయో కనిపిస్తుంది. పెద్దాయన పోయాక మిగిలినవి కొన్ని, ఇంట్లోకి పట్టనివి కొన్ని, ఒక్క స్క్రూ ఊడి పక్కనపెట్టినవి కొన్ని. పంపిణీ రోజు ఫోటో తీస్తారు. ఆర్నెల్ల తర్వాత ఆ ఇంటికి వెళ్లి కర్ర ఎత్తు సరిపోయిందా, బుష్ అరిగిందా, మిషన్ పెట్టుకుంటున్నావా తల్లీ అని అడిగే మనిషి లేడు. మన దగ్గర కరువు వస్తువులకు కాదు, కొలిచేవాళ్లకూ బాగుచేసేవాళ్లకూ.

అందుకే నీకు రెండు పనులు అప్పగిస్తున్నాను. ఒకటి, సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక వారం ఎక్కువ ఉండేలా టికెట్ చూసుకో. పిన్ని ఎలా లేస్తోందో, ఎక్కడ తడబడుతోందో దగ్గరుండి చూడు. బాత్రూంలోకి ఉన్న ఆ మెట్టు విషయం అప్పుడు తేలుద్దాం. నీళ్ల వాలు పోతుందని మేస్త్రీ ఇంకా వెనకాడుతున్నాడు.

రెండోది మీ తెలుగు సంఘం గురించి. ఏటా డబ్బు పోగుచేసి మన ఊళ్లకు చక్రాల కుర్చీలు ఇప్పిస్తారని చెప్పావు. ఈ ఏడు సగం కుర్చీలే కొనండి. మిగతా డబ్బుతో ఇద్దరికి జీతం ఇవ్వండి. ఒకరు కొలతలు తీసి వాడకం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు, ఇంకొకరు కమ్మీలు బిగించి బుష్‌లూ చక్రాలూ మార్చే పనిమంతుడు. సీతాఫల్‌మండి నుంచి బోయినపల్లి దాకా బస్తీలన్నీ స్కూటరు మీద తిరగొచ్చు. సజ్జల మీద మడిచి ఉన్నవాటిని దింపి, బాగుచేసి, సరిపోయేవాళ్లకు ఇవ్వడం కూడా వాళ్ల పనే. ఇక్కడ ఇళ్ల జాబితా నేను తయారుచేస్తాను. వచ్చే మీటింగులో ఈ మాట నువ్వు ఎత్తు.

నీ స్నేహితురాలు